రేసు గేములో నర్సాపూర్ మలుపు

మా డీటీపీ అక్క హైదరాబాద్ దవాఖానలో పోయిందని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. ముందురోజు దాకా బాగానే మాట్లాడిందట. ఆమెను మెదక్ తెస్తున్నారంటే, అంబులెన్స్ వెనకే నేనూ, నా కాలేజీ దోస్తులూ కార్లు తీశాం.

మెదక్‌లో చర్చికి పోయే దారిలో అక్క డీటీపీ షాపు. ముందు గదిలో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేది. వెనక గదిలో కంప్యూటర్లు, వాటిలో కార్ల రేసు గేము. తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్ అంటే కాలేజీ లేదు, కాలేజీ లేదంటే మేమంతా ఆ వెనక గదిలోనే.

ఇంతలో బస్టాండు దగ్గర పెద్ద నెట్ సెంటర్ తెరిచారు. అదే గేము కొత్త వెర్షన్, తళతళలాడే కార్లు. మావాళ్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. అక్క ఇల్లు నడిచేది ఎక్కువగా ఆ వెనక గది మీదే. అది మూతపడేలా ఉంది.

"అక్కా, మనం గూడ కొత్త కార్లు తెప్పిద్దాం," అన్నాను.

"ఉన్నవాట్ల నువ్వు తోలేది ఆ ఎర్రదొక్కటే గదరా. కొత్తయి ఏం జేస్కుంటవ్?"

చాయ్ తాగుతూ మా వెనక నిలబడి చూడటం అక్కకు అలవాటు. ఆ విదేశీ రోడ్ల మీద మలుపు రాగానే, అది హైదరాబాద్ పోయే మా రోడ్డే అయినట్టు మేము, "అరే, నర్సాపూర్ అడివొచ్చింది, జర చూస్కో!" అని అరుచుకునేవాళ్లం. మాకే తెలియని మా కోరిక అలా ఆమె చెవిన పడింది. గేములో బోర్డులూ నంబరు ప్లేట్లూ ఉత్త బొమ్మలే కదా. బొమ్మలు మార్చడం ఆమెకు రోజూ ఉండే పని.

తర్వాతి వారం చూస్తే నా ఎర్ర కారు మీద టీజీ అని ఉంది! బయట బండ్ల మీద ఏపీ చెరిపి అందరూ రాసుకుంటున్నది అదే. రోడ్డు పక్కన నర్సాపూర్ బోర్డు, ఇంకాస్త ముందుకు పోతే మెదక్. గదిలో ఈలలే ఈలలు. నెట్ సెంటర్‌కు పోయినవాళ్లంతా వాపస్ వచ్చారు.

ఎవరూ అడగనిది కూడా ఒకటి పెట్టింది. అడవి మలుపులో పెద్ద బోర్డు: "జర నిమ్మలంగ పోండ్రి. ఇంటికాడ ఎదురు చూస్తుండ్రు." అది చదువుతూ చెట్టుకు గుద్దనివాడు లేడు.

"రేసుల నిమ్మలంగ పొమ్మంటవేందక్కా? తీసెయ్యి," అని గొడవ చేశాం.

"అన్నీ మీకోసం పెట్టిన. గిదొక్కటి నాకోసం. ఈడికెల్లి లేశి, బండ్లెక్కి గదే రోడ్డు మీద పోతరు. నాకు భయమైతది," అంది.

తర్వాత ఎన్ని వెర్షన్లు వచ్చినా, ముందు ఆ బోర్డు పెట్టాకే మమ్మల్ని ఆడనిచ్చేది. మేము ఏం అడుగుతున్నామో వినడమే కాదు, మాకేం కావాలో చూసిన మనిషి ఆమె. అలాంటి అక్క దొరకడం మా అదృష్టం.

మొన్న అంబులెన్స్ వెనక నర్సాపూర్ అడవిలోకి వచ్చాను. మలుపులో ఏ బోర్డూ లేదు. అయినా నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. అద్దంలో చూస్తే, వెనక మావాళ్ల కార్లు కూడా ఒక్కొక్కటే నెమ్మదించి, మలుపు తిరిగి వస్తున్నాయి. మెదక్‌లో, ఇంటి దగ్గర, అక్క కోసం ఎదురు చూస్తున్నారు.