గుట్ట మఠంలో గోనె ఆసనం

గంటసేపు నోరు మెదపకుండా, కళ్లు కూడా తెరవకుండా ఊరికే కూర్చుని, ముప్పై మంది ఉన్న మఠాన్ని ఖాళీ చేయించిన మనిషి గురించి మీరెప్పుడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ ఘనుణ్ణి నేనే. పనిచేసి చెడగొట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఏ పనీ చేయకుండా చెడగొట్టడానికి మాత్రం కొంచెం ప్రతిభ కావాలి.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్. మూడు తరాలుగా ఎండుమిర్చి వ్యాపారం. ముందు దుకాణం, వెనుక మిర్చి గోదాం, మధ్యలో మేము. మా ఇంటికొచ్చే చుట్టాలు గడప దాటకముందే ముక్కులకు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుంటారు. మాకు మాత్రం ఘాటు అంటే ఏమిటో తెలియదు. మా తాత తుమ్మగా నేను చూడలేదు. మా నాన్న ఒకసారి తుమ్మితే అమ్మ హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఆరేళ్ల కిందట నాకు సమయానికి గుర్తురాలేదు, దాని ఫలితమే ఈ కథ.

రెండో సంగతి, నాకు కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊపుతాను, నిలబడితే కాళ్లు మారుస్తాను, పడుకుంటే మంచం కిర్రుమంటుంది. కుండల్‌వాడిలో మా అక్క లలితను ఇచ్చారు. ఒకసారి అక్కడికి వెళ్లినప్పుడు కారం పార్శిల్ పంపడానికి పోస్టాఫీసులో వరుసలో నిలబడ్డాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి తలెత్తి చూసింది.

"మీకు కాళ్లు కాల్తున్నయా?"

"లేదండి."

"మరి గట్ల ఎగురుతున్నరేంది?"

నా పార్శిల్ తూకం వేస్తూ ఆ అమ్మాయి మూడుసార్లు తుమ్మింది. నేను అది శుభశకునం అనుకున్నాను. పేరు సురేఖ. ఆ తర్వాత నెలలో నేను కుండల్‌వాడి నుంచి పంపినన్ని పార్శిళ్లు మా దుకాణం చరిత్రలో ఎప్పుడూ పంపలేదు. ఆరో పార్శిల్‌కి ఆమె నవ్వింది. తొమ్మిదో పార్శిల్‌కి "మా ఇంట్ల అడగరాదు?" అంది. నా ఒళ్లంతా సంతోషంతో నిండిపోయింది. అయితే ఇంట్లో అడగడమంటే ఆమె మేనమామ విఠల్ గురూజీని అడగాలని అప్పటికి నాకు తెలియదు.

విఠల్ గురూజీ మూడో తరగతిలో నా మాస్టారు! ధర్మాబాద్ బడిలో ముప్పై ఏళ్లు పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టిన మనిషి. నన్ను తప్ప. మా అక్క మధ్యవర్తిగా వెళ్లి నా పేరు చెప్పగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారట. నన్ను పిలిపించారు.

"సాయినాథ్, నా సర్వీసుల నాకు చేతగాని పిల్లగాడివి నువ్వొక్కనివే. ఐదు నిమిషాలు కూసోలేనోడివి సంసారంల ఎట్ల కూసుంటవ్?"

"ఇప్పుడు మారిన గురూజీ."

"కాలు ఊపుడు ఆపి చెప్పు."

నేను కాలు ఆపాను. చెయ్యి మొదలైంది.

"సరె, ఒక పని జేద్దాం. కిన్వట్ అవతల గుట్ట మీద మఠం ఉన్నది గదా. ఆడ పొద్దటిపూట గంటసేపు మౌనధ్యానం ఉంటది. ఆయితారం పోదాం. నా పక్కన కూసో. గంట కొట్టేదాంక లేవకు, కదలకు, కండ్లు తెరవకు. ఏం చప్పుడైనా తిరిగి సూడకు. కూసుంటివా, పిల్లనిస్త. లేస్తివా, నాసిక్ సంబంధమోళ్లు ఫోన్ మీద ఫోన్ జేస్తున్నరు, వాళ్లకు అవునంట."

ఆ నాసిక్ అబ్బాయి ఏదో బ్యాంకులో రోజంతా ఒకే కుర్చీలో కూర్చుంటాడట. అంతకన్నా భయంకరమైన పోటీ నాకు ఇంకెక్కడ దొరుకుతుంది!

వారం రోజులు సాధన చేశాను. దుకాణం మూలలో ఖాళీ మిర్చి గోనె ఒకటి నాలుగు మడతలు వేసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మొదటి రోజు నాలుగు నిమిషాలు. రెండో రోజు తొమ్మిది. మూడో రోజు ఇరవై నిమిషాలు కదలకపోయేసరికి అమ్మ వచ్చి నుదురు ముట్టుకు చూసి, "ఏమైందిరా నీకు? జర లేచి దుంకు, నాకు బుగులైతున్నది" అంది. శనివారానికి గంటసేపు కూర్చోగలిగాను. కాని ఒక చిక్కు. మంచం మీద, చాప మీద, దేవుడి గదిలో పీట మీద ఎక్కడ కూర్చున్నా పది నిమిషాలే. ఆ గోనె మీద కూర్చుంటేనే గంట. అది నాకు అచ్చొచ్చిన గోనె.

ఆ రాత్రే గురూజీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: నీళ్ల సీసా, టోపీ, ఎవరి ఆసనం వాళ్లు తెచ్చుకోవాలి. ఏ ఆసనం తీసుకెళ్లానో మీకిప్పటికే అర్థమై ఉంటుంది. అయినా నేను శుభ్రత తెలియనివాణ్ణి కాదు. కోడి కూయకముందే లేచి గోనెను పెరట్లో గోడకేసి ముప్పై సార్లు దులిపాను. పక్కనే మా నాన్న పళ్లు తోముకుంటున్నాడు, తుమ్మలేదు. అమ్మ ముగ్గు వేస్తోంది, తుమ్మలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తెల్లవారుజామునే జీపు బయలుదేరింది. ముందు డ్రైవర్ పక్కన మా అక్క, సురేఖ. వెనుక నేను, గురూజీ, మా మధ్యన గోనె. భోకర్ రాకముందే గురూజీ తుమ్మడం మొదలుపెట్టారు.

"ఈ రోడ్డు దుమ్ము పాడుగాను!"

"అద్దం ఎక్కించుండ్రి గురూజీ," అని నేనే చొరవ తీసుకుని అద్దాలన్నీ ఎక్కించాను. కిన్వట్ చేరేసరికి ఆయన ముక్కు టమాటా పండులా ఉంది. పెద్దవాళ్లకు ప్రయాణాలు పడవని మనసులో జాలిపడ్డాను.

అడవిలో జీపు ఆగాక గుట్ట ఎక్కాలి. టేకుచెట్ల మధ్య గంటన్నర కాలిబాట. అక్కా సురేఖా ముందు నడిచారు. సురేఖ మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూసి, పిడికిలి బిగించి చూపించింది. ధైర్యంగా ఉండమని. ఆ పిడికిలి చూసి నేను గుట్టను రెండుసార్లు ఎక్కగలిగేవాణ్ణి. నిజానికి ఎక్కాను కూడా. కుదురు లేక ముందుకు పరుగెత్తడం, గురూజీ కోసం వెనక్కి రావడం, మళ్లీ పరుగెత్తడం.

సగం దారిలో గురూజీ ఒక రాయి మీద కూలబడ్డారు. చెమటలు, ఆయాసం. కాబోయే భార్య మేనమామకు సేవ చేసుకునే అవకాశం మళ్లీ వస్తుందా? భుజం మీది గోనె తీసి, రెండు చేతులా పట్టుకుని, ఆయన ముఖానికి విసనకర్రలా గట్టిగా విసిరాను.

"ఎట్లున్నది గురూజీ?"

ఆయన ఏదో అనబోయారు, దగ్గు వచ్చింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. అల్లుడి భక్తికి ఆ పెద్దాయన మనసు కరిగిందని నాకూ కళ్లు చెమర్చాయి. ఇంకొంచెం గట్టిగా విసిరాను.

"చాలు! చాలురా! నీకు దండం బెడ్త!" అని ఆయన ముందుకు నడిచారు. అంత వేగంగా ఆయన ఎక్కగలరని నేననుకోలేదు.

మఠం పాతకాలపు రాతి కట్టడం. వాకిట్లో పెద్ద నీళ్ల తొట్టి, గంట, లోపల పొడవాటి హాలు. దీపాలు ఆరిపోకుండా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఫోన్లు బుట్టలో వేయించుకున్నారు. ముప్పై మందిదాకా కూర్చుని ఉన్నారు, మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. ఎదురుగా తెల్లగడ్డంతో మఠాధిపతి పెద్ద మహారాజ్. తలుపు మూశారు.

మేము దుకాణంలో గోనె పరిచేముందు ఒక్కసారి ఝాడించి పరుస్తాం. అలవాటు. అక్కడా అలాగే ఝాడించి, నాలుగు మడతలు వేసి, గురూజీ పక్కన ధడాలున కూర్చున్నాను.

అవతలి వరుసలో మా అక్క అదిరిపడి నా వైపు చూసింది. ఆమె కూడా మా ఇంట్లో పుట్టి పెరిగినదే గాని, పదేళ్లుగా కుండల్‌వాడిలో మంచి గాలి పీల్చి మామూలు మనిషైంది. రెండు వేళ్లతో ముక్కు మూసుకుని నా కిందికి చూపించింది. మళ్లీ ముక్కు, మళ్లీ కింద. పిచ్చి అక్క, తమ్ముడు గట్టెక్కాలని ప్రాణాయామం నేర్పుతోంది! నేను తలాడించి, గట్టిగా ఊపిరి తీసుకుని, కళ్లు మూసుకున్నాను.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నేను నిజంగానే కదలలేదు. చేతులు ఆగాయి, మెడ ఆగింది, మోకాళ్లు ఆగాయి. ఇరవై ఆరేళ్ల నా అస్థిమితమంతా ఒళ్లంతా వెతుక్కుని, దారి దొరక్క, చివరికి కుడికాలి బొటనవేల్లోకి దిగింది. పంచె కింద ఎవరికీ కనబడకుండా ఆ వేలు గోనెను గీకడం మొదలుపెట్టింది. గర్, గర్, గర్. నేను ఆపలేదు. అది కూడా ఆపితే నేను లేచి పరుగెత్తేవాణ్ణి.

మొదటి తుమ్ము వెనుక వరుసలో. తర్వాత ఎడమవైపు రెండు. తర్వాత లెక్క తప్పింది. ఒకరు దగ్గుతున్నారు, ఒకరు చీదుతున్నారు, ఎవరో మరాఠీలో "దేవా రే దేవా" అన్నారు. తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు.

ఏం చప్పుడైనా తిరిగి చూడకు అని గురూజీ అన్నమాట గుర్తొచ్చింది. ఓహో! ఇదన్నమాట పరీక్ష! నా ఒక్కడి నిగ్రహం చూడ్డానికి మఠమంతా కలిసి ఇంత నాటకం ఆడుతోందా! గురూజీ మామూలువారు కారు. నేను నాసిక్ బ్యాంకు కుర్చీని తలుచుకుని పళ్లు బిగించాను. బొటనవేలు ఇంకా జోరందుకుంది.

పక్కన గురూజీ బుస్సుబుస్సుమంటున్నారు. ఆయన పంతం కూడా తక్కువది కాదు. చాలాసేపు ఓర్చుకున్నారు. చివరికి మోకాళ్లు పటపటమన్నాయి, ఆయన వెళ్లిపోయారు. బయటినుంచి అక్క గొంతు వినబడింది.

"సాయీ! ఓ సాయీ! లేచి రారా!"

సొంత అక్కను కూడా కలుపుకున్నారు! నేను లేస్తానా?

ఆ తర్వాత నిశ్శబ్దం. పుట్టి బుద్ధెరిగాక నేను వినని నిశ్శబ్దం. అందులో ఒక్క సురేఖే గుర్తొచ్చింది, కారం పార్శిల్ తూస్తూ ముక్కు చిట్లించుకుని. ఈ అమ్మాయి నాకు దక్కకపోతే ఇక జన్మంతా ఎక్కడా కాలు నిలవదనిపించింది. నవ్వకండి, అది మాత్రం నిజంగా అనిపించింది.

గంట కొట్టారు. కళ్లు తెరిచాను. హాలులో నేను, దీపాలు. అంతే.

విజయగర్వంతో గోనె భుజాన వేసుకుని బయటికి వచ్చాను. తొట్టి చుట్టూ ముప్పై మంది ముఖాలు కడుక్కుంటున్నారు. అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, కాదు, నా భుజం మీద ఉన్నదాన్ని చూసి, అందరూ ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేశారు.

"గురూజీ! గంటయింది! కదల్లేదు!" అన్నాను.

మా అక్క వచ్చి గోనె లాగి గుట్ట కిందికి విసిరేసింది. "కదల్లేదంట కదల్లేదు! మిర్చి బస్త దెచ్చి మఠంల పరుస్తవారా? నాలుగు దిక్కుల మనుషులు సస్తున్నరు, నీకు కండ్లు లెవ్వా?"

అప్పుడు అర్థమైంది. జీపు, రాయి, విసనకర్ర, ప్రాణాయామం, అన్నీ వరుసగా అర్థమయ్యాయి. గుట్ట మీదినుంచి గోనె వెనుకే దూకుదామనిపించింది. సిగ్గుతో పెద్ద మహారాజ్ కాళ్ల మీద పడ్డాను. ఆయన గడ్డం తుడుచుకుంటూ మరాఠీలో అన్న మాట ఇది: "నలభై ఏళ్లుగా ఈ హాలులో కూర్చుంటున్నాను. మొదటిసారి మధ్యలో లేచాను. ఈ అబ్బాయి లేవలేదు."

గురూజీ మాత్రం రుమాలు ముఖం మీదినుంచి తీయకుండానే, "నాసిక్‌కు ఫోన్ జెయ్యాలె" అన్నారు.

అప్పుడు సురేఖ ముందుకొచ్చింది. ముక్కు, చెంపలు మండిపోతున్నాయి, అయినా నిలబడి అడిగింది.

"మామా, నువ్వేం షరతు పెట్టినవ్?"

"గంటసేపు కదలకుండ కూసోవాలని."

"కూసున్నడా, లేడా?"

"కూసున్నడు గని..."

"గంట కాకముందుకు లేచిందెవలు?"

గురూజీ రుమాలు తీసి నావైపు చూశారు. ముప్పై ఏళ్లు పిల్లలకు మాట తప్పకూడదని చెప్పిన మనిషి. తర్వాత ఒక తుమ్ము తుమ్మి, "సరె, కానియ్యుండ్రి," అన్నారు. "గని పెండ్లికి మీ ఇంటోళ్లందరు కొత్త బట్టలు గట్టుకొని రావాలె. దుకాణం మీదికెళ్లి సీదా రావద్దు."

అలా మా పెళ్లి జరిగింది. మేమిద్దరం మొక్కు తీర్చుకోవడానికి మళ్లీ మఠానికి వెళ్తే గుమ్మం దగ్గర కొత్త బోర్డు కనిపించింది: ఆసనాలు మఠమే ఇస్తుంది, బయటివి తేకూడదు. పైన మరాఠీలో, కింద తెలుగులో. అంతకుముందు ఆ మఠంలో తెలుగు అక్షరం లేదు. మన భాషకు నేను చేసిన సేవ అది.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఒకటే మిగిలింది. గురూజీ ఇది చదివితే చదవనీయండి, మా పాపకు నాలుగేళ్లు వచ్చాయి, ఇక నాసిక్ నన్నేం చేయలేదు. గురూజీ, నేను కదిలాను. ఆ గంటలో నా కుడికాలి బొటనవేలు ఒక్క క్షణం ఆగలేదు. మీరు మాట నిలబెట్టుకున్నారు, నేను మోసం చేశాను.

కాబట్టి ఎండుమిర్చి రాశి ముందు నిలబడి, రెండు కాళ్లూ ఊపుకుంటూ ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎక్కడా, ఎవరి కోసమూ, కదలకుండా కూర్చోను. నేను కుదురుగా కూర్చుంటే లోకానికి మంచిది కాదు.