ఆసనాల సారు సన్నాసా, సంసారా

ఆసనాలు నేర్పి బతకాలనుకునేవాడికి తొందరగానే తెలిసొచ్చే సంగతి ఒకటుంది. రోగం తగ్గితే జనం మానేస్తారు. తగ్గకపోయినా మానేస్తారు. కొంచెం తగ్గి కొంచెం మిగిలి ఉన్నన్ని రోజులే మన పొయ్యి వెలుగుతుంది.

నేను ఈ విద్య నేర్చుకున్నది భైంసాలో. అప్పటికి నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. ఒక పత్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తూ, పొద్దున్నే తాలీంకు, అదే కుస్తీల సాధన చేసే చోటికి, పోయేవాణ్ణి. అక్కడి ఉస్తాదు మరాఠీ మాట్లాడే ముసలాయన. వయసులో కుస్తీలు పట్టి నడుము విరగ్గొట్టుకుని, ఆసనాలతో దాన్ని నిలబెట్టుకున్నవాడు. "శ్వాస్ సోడ్, హళూ హళూ", ఊపిరి వదులు, మెల్లమెల్లగా అంటూ వీపు మీద చెయ్యేసి నిమిరేవాడు. ఆయన పోయాక దుకాణంలో మనసు నిలవలేదు. నౌకరీ వదిలేసి, పెళ్లాన్నీ రెండు ట్రంకుపెట్టెల్నీ వెంటబెట్టుకుని కరీంనగర్ చేరాను.

కరీంనగర్‌లో నా శిష్యులంతా వకీళ్లు. కచేరీకి పోయేముందు ధోవతి ఎగ్గట్టి వరండాలో కూర్చునేవారు. అందరి బాధా పొట్టతోనే. ఖాళీ కడుపుతో రావాలని నేననడం, ఒక్క చాయే కదా పంతులూ అని వాళ్లనడం, రోజూ ఇదే పేచీ. కోర్టులో గెలిచేవాళ్లతో వరండాలో వాదించి ఏం లాభం? చివరికి నన్ను పీట మీద కూర్చోబెట్టి కడుపునిండా పెట్టి పంపేవారు. అది వాళ్ల మర్యాద. పంతులు తిన్నాడు, ఇక ఇవ్వాల్సిందేమీ లేదనుకునేవారు. ఇంట్లో నా భార్య కూడా తినాలని ఏ వకీలుకూ తట్టలేదు. నేను త్రేన్చుకుంటూ ఇంటికి పోతే ఆమె నా మొహం చూసి పొయ్యి ఊదుకునేది. ఆమె మొదటినుంచీ తక్కువ మాట్లాడే మనిషి. నాకది సుఖంగానే ఉండేది.

అట్లా ఉండగా మా వాడకట్టు నేతపనివాళ్ల కొడుకొకడు మందమర్రి నుంచి వచ్చాడు. మగ్గం గుంటలోంచి లేచి బొగ్గుబాయిలోకి దిగినవాడు. నేను వకీళ్ల గురించి చెప్పుకుంటే నవ్వాడు.

"మా దగ్గర జీతాలు పక్కా సారూ. నడుములే కచ్చా. మీరు రాండ్రి."

వెళ్లాం. కంపెనీ కాలనీ వరసలకు కొంచెం ఎడంగా ఒక రేకుల గది దొరికింది. బాయిలో పని మూడు పాళ్లుగా, అంటే మూడు షిఫ్టులుగా నడుస్తుంది కాబట్టి, ఏ పాలి వాళ్లు పైకొస్తే ఆ పాలి వాళ్లకు నేర్పాలి. కాలనీ మైదానంలో తాటిపత్రి పట్టా పరిచేవాణ్ణి. మొదట్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. బాయిలో వంగి వంగి ఉన్నవాళ్లు పైకొచ్చాక కూడా వంగమంటే వింటారా? నా పాలిట దేవుడై వచ్చింది కొమ్ముచెంబు. గోరువెచ్చటి ఉప్పునీళ్లు ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి నల్లటి నీళ్లు కారాయి. మొదటివాడు తన ముక్కులోంచి అంత బొగ్గు రావడం చూసి పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. మర్నాటికి మైదానంలో వరస కట్టారు. ముక్కు కోసం వచ్చినవాళ్లను మెల్లగా నడుము దాకా తీసుకుపోయాను.

ఒక్క శవాసనం దగ్గరే పేచీ వచ్చింది. వరసగా వెల్లకిలా పడుకున్న మొగుళ్లను చూసి ఆడవాళ్లు బిందెలు దించి పరిగెత్తుకొచ్చారు. బాయి ఊర్లో మనుషులు అట్లా వరసగా పడుకుని ఉండడం వాళ్లు ఇంతకుముందు చూసిందే. అది ఎందుకో, ఎప్పుడో నేను అడగలేదు. మర్నాటినుంచి చేతులు కడుపు మీద పెట్టుకోమన్నాను. కడుపు లేచి పడుతుంటే చేతులు కదులుతాయి, దూరం నుంచి కూడా కనబడుతుంది. ఆడవాళ్లు నల్లా దగ్గర నిలబడి వాళ్ల వాళ్ల చేతుల్ని చూసుకుని, నీళ్లు పట్టుకుని పోయేవారు.

జీతాల రోజున తలా కొంత ఇచ్చేవారు. మొదటిసారి మా ఇంట్లో బియ్యం డబ్బా నిండింది. ఇక్కడ కుదరకపోతే మళ్లీ భైంసా పోయి ఆ పత్తి సేటు కాళ్లు పట్టుకోవడం తప్ప నాకు దారి లేదు. ఆ ఆలోచన వస్తే ఏ ప్రాణాయామమూ పనిచేసేది కాదు.

అప్పుడు ఆ నేతపిల్లవాడు మాయమయ్యాడు. రాత్రి పాలి ముగించి పైకొచ్చి, ఇంటికి పోలేదు. వాడితోపాటే కాలనీలో ఉంటున్న తల్లి, భార్య రెండు రోజులు తిరగని చోటు లేదు. చివరికి అస్థికలు కలపడానికి ధర్మపురి పోయొచ్చిన ఒకాయన కబురు తెచ్చాడు. గోదావరి ఒడ్డున పద్మాసనం వేసుకుని కూర్చున్నాడట. జనం దండాలు పెడుతున్నారట. ఇంకేముంది? ఆసనాల సారు మొగోళ్లను సన్నాసుల్ని చేస్తున్నాడని కాలనీ అంతా పాకింది. మర్నాడు తాటిపత్రి మీద నేనొక్కణ్ణే కూర్చున్నాను.

బస్సెక్కి, పడవలో గోదావరి దాటి ధర్మపురి పోయాను. నిజంగానే ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ముందు కొబ్బరి చిప్పలు, అరటిపళ్లు, గుప్పెడు గుప్పెడు బియ్యం. నా దగ్గర ఎన్నడూ నేలకు ఆనని మోకాళ్లు అక్కడ హాయిగా ఆనాయి. నాకు కోపం వచ్చింది, కొంచెం అసూయ కూడా. నేను ఊరూరా తిరిగి సంపాదించలేనిది వీడు కూర్చున్న చోటే సంపాదించాడు.

"ఎందుకొచ్చినవ్?" అన్నాను.

"ఎండకు సారూ."

"ఎండకేంది?"

"రాత్రి పాలి చేస్తె పగలంత పండుకుంటున్న. పొద్దటి పాలి చేస్తె పగలంత లోపలనే. మీరు కండ్లు మూసుకోని సూర్యున్ని తలుసుకోమన్నరు గద. తలుసుకుంటె సూడబుద్దయింది. వచ్చిన. కూసున్న. గీల్లే తెచ్చి పెడ్తున్నరు, నేనేం అడగలే."

సన్నాసం గిన్నాసం వాడి బుర్రలోనే లేదు. నాగాలు ఎక్కువైతే నౌకరీ పోతుందన్నాను. వెంటనే లేచి పంచె దులుపుకున్నాడు. బియ్యం మాత్రం తువ్వాలలో మూటగట్టి తెచ్చుకున్నాడు.

వాడు తిరిగొచ్చాడు కదా, గొడవ సద్దుమణుగుతుందనుకున్నాను. సద్దుమణగలేదు. వాడి తల్లి గట్టి మనిషి. కాలనీలో ఆమె మాటంటే మాటే. ఒకరోజు పగటిపూట నేను గది లోపల పడుకుని ఉండగా, ఆమె కోడల్నీ మరికొందరు ఆడవాళ్లనూ వెంటబెట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చింది. బయట నా భార్య చాటలో బియ్యం చెరుగుతోంది. నేను లేచి బయటికి రాబోయి ఆగిపోయాను. వాళ్లు వచ్చింది నా కోసం కాదు.

"బిడ్డా, ఒక్క ముచ్చట అడుగుత, నిజం చెప్పు" అంది ముసలామె. "నీ పెనిమిటి నీ దగ్గర ఒప్పుకోలు తీసుకున్నడా?"

"ఏం ఒప్పుకోలు అవ్వా?"

"సన్నాసానికి. పెండ్లాం సరే అనకుంట మొగోడు కాషాయం కట్టొద్దు, అది పద్ధతి. మా కోడలు సరే అనలే, గందుకే మావోడు మర్లొచ్చిండు. నువ్వు సరే అన్నవా? అంటె చెప్పు. లోపల సన్నాసి, పైన సంసారి అయినోనితోని మావోల్లు కలువద్దు. మీరు సామాను సదురుకోవాలె."

చెరుగుతున్న చప్పుడు ఆగింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. లేదు అన్న ఒక్క మాట చాలు, బతికిపోతాం. కానీ ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మనసులో ఏముందో ఊహించే అవసరం నాకు పడలేదు. భైంసాలో ఆమె అక్క ఉంది. పోవాలని ఉందేమో.

"నన్ను ఎన్నడేం అడిగిండని అవ్వా" అంది నా భార్య. గొంతులో కోపం లేదు, కూరగాయల ధర చెబుతున్నట్టుంది. "భైంసల నౌకరి ఇడిసినప్పుడు అడగలే. కరీంనగర్ పోయినప్పుడు అడగలే. గీడికొచ్చేటప్పుడైతే సామాను బస్సుకెక్కినంక చెప్పిండు. నువ్వన్న ఒప్పుకోలు గూడ అడగలే."

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. ముసలామె నవ్వలేదు.

"ఏం అడగలే?"

"ఏం అడగలే."

"అయితె ఫికర్ లేదు" అంది వెనక్కి తిరిగి. "సన్నాసయితె అడుగుతుండె. అడగకుంట పోతె పాపం తాకుతదని వానికి ఎరుకుంటది. ఒక్క మాట అడగలేదంటె వీడు మనోల్లసొంటి మొగడే. పంపుండ్రి మీ మొగోల్లను."

వాళ్లు వెళ్లిపోయారు. చాట మళ్లీ కదిలింది. మర్నాడు పొద్దుటి పాలి ముగించి పైకొచ్చినవాళ్లు ఎవరి చెంబు వాళ్లు పట్టుకుని వచ్చారు. మైదానం నిండింది. నా బతుకు నిలబడింది, నేను చెప్పిన ఏ ఆసనం వల్లా కాదు.

ఆ వారమంతా ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక తిరిగాను. జీతాల రోజు సాయంత్రం బియ్యం, పప్పు తెచ్చి ఇంట్లో పెట్టాక, పక్కన కూర్చున్నాను.

"ఈ ఊర్లనే ఉండిపోదమా? నువ్వేమంటవ్?" అన్నాను.

ఆమె పొయ్యిలోకి కట్టె ఎగదోసి, నన్నొకసారి చూసింది.

"ఏంది, అడుగుతున్నవ్?" అంది. "సన్నాసంల కలుస్తున్నవా?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. అన్నం ఉడికేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. ఉడికాక ఆమె రెండు కంచాలు తెచ్చి పెట్టింది.