మూడు కెమెరాలు, రెండు కుర్చీలు

మంచిర్యాలలో పదిహేనేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఊరందరి పెళ్లిళ్లకూ కత్తిరింపులు చేసి, పాటలు పెట్టి ఇచ్చినవాణ్ని, నా పెళ్లి వీడియోను మాత్రం తొమ్మిదేళ్లు హార్డ్‌డిస్క్‌లోనే పడేశాను. నా భార్య ప్రతి క్రిస్మస్‌కూ అడిగేది.

"మనదెప్పుడు చేస్తవ్?"

"ఈ సీజన్ అయిపోనీయ్," అనేవాణ్ని.

సీజన్లు అయిపోయాయి. కిందటేడు ఆమె కూడా పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం, వారం తిరక్కుండానే పోయింది.

ఏడాది ప్రార్థన దగ్గరపడ్డాక నాకు బుద్ధి పుట్టింది. ఆ రోజు చర్చిలో మా ఇద్దరి వీడియో వేయాలి. ఇన్నాళ్లూ ఎగ్గొట్టిన ఆ ఒక్క పనైనా ఆమెకు చేసిపెట్టాలి. పాత కంప్యూటర్లో ఆ ఫైళ్లు తెరిస్తే బొమ్మ బిగుసుకుపోయేది. మూడు కెమెరాలతో తీసింది కదా, మోయలేకపోయేది. కొత్త ల్యాప్‌టాప్ కొందామని హార్డ్‌డిస్క్ జేబులో వేసుకుని కరీంనగర్ బస్సెక్కాను.

షాపులో అందరూ ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఒకరు బాగుందంటే ఇంకొకరు బరువుందంటున్నారు. నాకు అవుననీ కాదనీ చెప్పే మనిషి లేదు. ఫ్రిజ్ కొన్నప్పుడు ఆమె తలుపు ఇరవైసార్లు తీసి, మూసి చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అట్లా సతాయించే మనిషి పక్కనుంటే ఎంత బాగుండుననిపించింది.

"ఏం పనికన్నా?" అన్నాడు అమ్మేటతను.

"వీడియో ఎడిటింగ్."

"అయితే గిది తీస్కో. పదహారు జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు మంచిది. గా పల్చటిది సూస్తె మస్తుంటది గని, జర పని పెడితే గరమైతది."

నేను ఊరుకునే రకమా? "మాటలొద్దు తమ్మీ, నా ఫైలే పెట్టి సూపియ్," అన్నాను.

రెండింట్లోనూ పెట్టించాను. పల్చటి దాని తెర మీద ఆమె పెళ్లిచీర నీలిమందు ఎక్కువైన బట్టలా కనిపించింది. బరువైన దాంట్లో ఉన్నదున్నట్టు, మీగడ రంగులో ఉంది. అదే తీసుకుందామనుకుని, మూడు కెమెరాలూ కలిపి నడిపించమన్నాను.

ఎక్కడా ఆగలేదు. చర్చి లోపల ప్రమాణాలప్పుడు ఆమె పక్కనే ఉన్నాను, పాస్టర్ అయ్యగారి ముందు కదలలేక. ఆ తర్వాత బయట షామియానా, స్టేజీ మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆమె. రెండోది ఖాళీ. ముందుకు జరిపాను. లక్సెట్టిపేట చుట్టాలు కానుకలిచ్చి ఫోటో దిగుతున్నారు. రెండోది ఖాళీయే. పక్కపక్కన కూర్చున్న ముక్క ఒక్కటి దొరికినా చాలనుకుంటూ ఇంకా జరిపాను. కెమెరా వెనక నుంచి నా గొంతు వినిపించింది.

"అరేయ్, లైటు జర ఇటు తిప్పురా! ఫోకస్ పోతుంది!"

షూటింగ్‌కు వచ్చిన దోస్తులు సరిగ్గా తీయడం లేదని ఆ రోజు స్టేజీ దిగాను. ఏదో రెండు నిమిషాలు దిగి వచ్చాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. విందంతా కెమెరా వెనకే ఉన్నానట, సిగ్గులేనోణ్ని. ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ వీడియో చెయ్యమని ఏటేటా అడిగింది, ఒక్కసారి కూడా దెప్పలేదు.

తెర మీద ఆమె కెమెరా వైపు చూసింది. పక్క కుర్చీని అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టింది, వచ్చి కూర్చోమని. కెమెరా వెనక నేను ఇంకా లైటు గురించే అరుస్తున్నాను.

"మంచిగ నడుస్తుందన్నా," అన్నాడు అతను. "గని పెండ్లిపిల్లగాడేడి? ఇంకా రాలే?"

"వచ్చిండు. పనిల ఉన్నడు."

"పెద్ద పనిమంతుడే ఉన్నట్టున్నడు," అని నవ్వాడు.

నేను షాపులో అందరి ముందూ ఏడ్చేశాను.