ఆగకూడని కారు

చెంచురామయ్య గుంటూరులో పత్తి లారీలకు బాడీలు కట్టడంతో మొదలుపెట్టాడు. తరువాత నల్లపాడు అవతల ఫ్యాక్టరీ పెట్టి కార్లు చేశాడు. ఆ లారీల మీద క్లీనరుగా చేరిన హయాత్, ఆయన పోయేదాకా ఆయన కారు నడిపాడు. పోయాక కూడా ఆ ఇంటి డ్రైవరుగానే ఉన్నాడు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. ప్రతి కొత్త మోడల్‌లో మొదటి కారు బ్రాడీపేటలోని ఇంటి ముందు నిమ్మకాయలు తొక్కి, మిరప చేలలో ఉన్న చెంచురామయ్య సమాధి దాకా ఆగకుండా వెళ్లాలి. నడిపేది హయాత్. పక్కన ఆయన భార్య, పెద్దావిడ వెంకటరావమ్మ. ఒకసారి రైలు గేటు పడి కారు ఆగింది. ఆ మోడల్ అమ్ముడుపోలేదు. దాన్ని చేయించిన పెద్దకొడుకును కంపెనీ నుంచి తప్పించారు. అతని ఫొటో హాల్లోంచి ఎప్పుడు తీశారో ఎవరూ అడగలేదు.

2003లో చిన్నకొడుకు శివరామకృష్ణ చేయించిన కారు వచ్చింది. మిరప కోతల రోజులు. గాలి ఘాటుగా ఉంది. హయాత్ బ్రేకు తొక్కి చూశాడు. పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. అంతే.

శివరామకృష్ణను పక్కకు పిలిచి చెప్పాడు.

"ఆగని బండికి బ్రేకుతో ఏం పని, హయాత్? రైలొచ్చే టైమయింది. గేటు పడకముందే దాటించు."

నవ్వుతూనే అన్నాడు. హయాత్ కారు దగ్గరికి వెళ్లి, అప్పటికే కూర్చున్న పెద్దావిడను దిగమన్నాడు. ఎందుకో చెప్పాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని దిగింది.

"ముహూర్తం దాటనివ్వకు," అని కొడుకుతో అంది.

హయాత్ తాళం తిరిగి ఇచ్చేశాడు. శివరామకృష్ణ బలవంతం చేయలేదు. జనంలోకి చూసి షఫీక్‌ను పిలిచాడు. షఫీక్ హయాత్ కొడుకు, ఫ్యాక్టరీలో డ్రైవరు. నిఖా అయి ఏడాది కాలేదు.

షఫీక్ తండ్రి వైపు చూడకుండా తాళం అందుకున్నాడు. వద్దురా, బ్రేకు పడట్లేదు అన్నాడు హయాత్. షఫీక్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

హయాత్ అవతలి తలుపు తీసి, పెద్దావిడ కూర్చున్న సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు దిగు నాన్నా."

"పోనివ్వు," అన్నాడు హయాత్. హ్యాండ్ బ్రేకు మీద చేయి వేశాడు.

చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి.