ఐదు కట్టల దూరం

దయ్యాలు, సోదెలు నేను నమ్మను. కోరుట్లలో టికెట్లు బుక్ చేసే చిన్న ఆఫీసులో పదేళ్లు కూర్చున్నదాన్ని. ఏ విమానం ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు దిగుతుంది, నా నమ్మకాలన్నీ అవే. తాయెత్తు కట్టుకుని టికెట్టుకు వచ్చే వాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్క సంగతి మింగుడు పడదు.

తెలంగాణ కోసం సమ్మెలో బస్సులన్నీ ఆగిపోయిన రోజులవి. రాయికల్‌లో బీడీలు చుట్టే మా అమ్మకు ఊపిరితిత్తులు పాడైతే జగిత్యాల ఆస్పత్రిలో చేర్చాం. ఇక రెండు రోజులేనన్నాడు డాక్టరు. కొడుకును చూడందే పోనని అమ్మ పట్టు.

అన్న సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసి, కూలి గిట్టక సౌదీ వెళ్లాడు. అక్కడ అతనుండే ఊరి చిన్న ఎయిర్‌పోర్టు నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుకు ఏడు వందల కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం. అక్కడ విమానం మారితే హైదరాబాద్. టికెట్ నేనే చేశాను. మొదటిది ఆలస్యమైతే రెండోది అందదు.

మన టైం మధ్యాహ్నం రెండింటికి, ఎక్కాను, విమానం లేస్తోందని మెసేజ్ పెట్టాడు. అమ్మకు చెప్పాను.

"ఎంతసేపు పడ్తది బిడ్డా?"

ఆమెకు గడియారం చూడటం రాదు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, గంటకు నాలుగు కట్టలు చుట్టేది. "ఐదు కట్టలవ్వా" అన్నాను. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

ఉత్త వేళ్లతోనే దుప్పటి మీద చుట్టడం మొదలుపెట్టింది. ఆకు లేదు, తంబాకు లేదు, వేళ్లు మాత్రం అదే వాటం. ఒక కట్ట కాగానే దారం ముడేసినట్టు చేసి పక్కన పెట్టింది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కింద రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పు, డప్పులు.

రెండో కట్ట పూర్తికాకముందే వేళ్లు ఆగిపోయాయి.

"దిగిండు."

గోడ గడియారంలో రెండూ ఇరవై ఐదు. "లేదవ్వా, ఇంకా గాల్లనే ఉన్నడు. ఇంకా మూడు కట్టల పైననే ఉన్నది" అన్నాను, కాస్త విసుగ్గానే.

"ఎక్కిన కాడ్నే దిగిండు బిడ్డా. ఒక్కపారి మాట్లాడియ్యి."

పలవరింత అనుకున్నాను. గాల్లో ఉన్నవాడి ఫోన్ ఎట్లా మోగుతుంది? దిగినంక చేస్తానన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మూడూ పదికి అమ్మ పోయింది.

మూడుంబావుకు అన్నకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. దిగినవా అన్నా అంటే, "ఏడ దిగుడు చెల్లె? ముంగట ఇసుక గాలి లేచిందని పది నిమిషాలకే వాపస్ తిప్పిండ్రు. ఎక్కిన కాడ్నే కూసున్న. గంట సంది ఫోన్ చేతుల్నే ఉన్నది. అవ్వ పరేషాన్ అయితదని చెయ్యలె" అన్నాడు.

తర్వాత అన్న ఇంటికొచ్చినప్పుడు అతని ఫోన్‌లో చూశాను. దిగగానే తన సేటుకు మెసేజ్ పెట్టాడు. మన టైం రెండూ ఇరవై ఐదు.

తల్లి పేగుకు తెలుస్తుందని మా వాళ్లంటారు. పేగుకు ఎట్లా తెలుస్తుందో నాకు అర్థం కాదు. ఎన్నిసార్లు లెక్క వేసినా తేలలేదు. ఆ రోజు అన్నతో ఒక్కసారి మాట్లాడించమని అవ్వ అడిగిందని మాత్రం అతనికి నేనింతవరకు చెప్పలేదు.