టేబుల్ ఆయన సినిమాలు

మా మామయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు సినిమా అంటే మాత్రం చెవి కోసుకునేవాడు. డెబ్బయ్యో దశకం మొదట్లో మిర్యాలగూడలో ఆదివారం పొద్దున ఆట ఇంగ్లీషుది వేసేవాళ్లు. గుర్రాలు, తుపాకులు, బోలెడంత దుమ్ము. ఆ ఒక్క పూట రైస్‌మిల్లు కొడుకుకు అప్పజెప్పి, ఉతికిన ధోవతి కట్టుకుని, మామయ్య బాల్కనీ ముందు వరసలో కూర్చునేవాడు. వెనక వరసలో అత్తమ్మ, ఆమె పక్కన నేను. డిగ్రీ చదివి, టీచర్ ట్రైనింగు కూడా చేసి ఆ ఇంటికి కోడలుగా వచ్చినదాన్ని కాబట్టి, కథ విప్పి చెప్పే పని నాది.

చెప్పడమంటే ఆయనకు చెప్పడం కాదు. మా ఇంట్లో కోడలు మామతో మాట్లాడదు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆయనతో నేను ఒక్క మాట కూడా అనలేదు. నేను అత్తమ్మ చెవిలో చెప్తే, ఆమె ముందుకు వంగి ఆయన చెవిలో చెప్పేది. మధ్యలో అత్తమ్మకు నచ్చని మాట గడప దాటేది కాదు. తెర మీద ఒకామె మొగుణ్ని వదిలేసి రైలెక్కుతుంటే, నేను ఉన్నదున్నట్టే చెప్పాను. అత్తమ్మ ముందుకు వంగి, "తల్లిగారింటికి పోతున్నదట, దసరా పండుగకు" అంది. మామయ్య తల ఊపాడు. అమెరికాలో దసరా ఏమిటని ఆయనా అడగలేదు, నేనూ నోరెత్తలేదు. అయినా అత్తమ్మను అనడానికి నాకు మొహం చెల్లదు. ఆ అమెరికా యాస నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం వాళ్ల ముఖాలు చూసి అల్లేదాన్ని.

ఒక ఎండాకాలం గుర్రాల సినిమాలు దొరకలేదట. హాలు యజమాని మామయ్యకు దోస్తు. ఎవరూ అడగని మూడు సినిమాలు పట్టుకొచ్చాడు. మూడూ ఒక్క దర్శకుడు తీసినవే.

మొదటి దాంట్లో ఒక ముసలి వడ్రంగి, పెళ్లి కాని కొడుకు. వంటింట్లో టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటారు. మాట్లాడుకోరు. మళ్లీ తింటారు. తుపాకీ ఎప్పుడు తీస్తారా అని కింద బెంచీలవాళ్లు కాసేపు చూసి, ఈలలు మొదలుపెట్టారు. సగం హాలు ఖాళీ అయింది. వాళ్లిద్దరూ కోపంగా ఉన్నారని నేను చెప్పాను, అత్తమ్మ కూడా అదే చెప్పింది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ మామయ్య అత్తమ్మతో అన్నాడు: "కోపం కాదు. ఒగరికొగరు భయపడ్తున్నరు. ముసలోడు పోతే ఎట్లా అని వాడు, వీడొక్కడైతడని ముసలోడు." నేను తలుపు వెనక నిలబడి విన్నాను. చదువుకున్నదాన్ని నేను, సినిమా అర్థమైంది ఆయనకు. నాకు నిజంగా సిగ్గేసింది.

రెండోది దవాఖానలో పనిచేసే నర్సు కథ. ఆమె ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంది. మన సినిమాల్లో హీరోయిన్ ఒక గిన్నె పట్టుకోగానే పాట వస్తుంది. ఈయన సినిమాలో ఆమె చివరి గిన్నె దాకా కడిగి, చేతులు తుడుచుకుని, టేబుల్ ముందు కూలబడేదాకా కెమెరా కదల్లేదు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "సూడవే, నిజంగ కడుగుతున్నది!" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లు గిన్నెలు కడిగిన మనిషి, ఆ పని తెర మీద చూడ్డం అదే మొదటిసారి. మామయ్య మాత్రం, "గా టేబుల్ ఆయనదే గదా ఇదిగూడ?" అని దోస్తును అడిగి గుర్తుపట్టాడు. కింద కూర్చుని తినేవాళ్లం, మాకు ఆ టేబులే వింత. అప్పటి నుంచీ ఆ దర్శకుడు మా ఇంట్లో టేబుల్ ఆయన అయ్యాడు.

సరిగ్గా ఆ వారంలోనే నాకు కోదాడ ఆడపిల్లల బడిలో టీచర్ ఉద్యోగం వచ్చినట్టు కాగితం వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలి, లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. పెళ్లికి ముందు పెట్టుకున్న దరఖాస్తు, నేనే మరిచిపోయాను. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మా ఆయన మిల్లులో హమాలీల మీద పులి, తండ్రి ముందు పిల్లి. "అమ్మకు చెప్పు, అమ్మ బాపుకు చెప్తది" అని తప్పుకున్నాడు. అత్తమ్మకు చెప్పాను. ఆమె చెడ్డది కాదు, కోడలు బస్సెక్కి రోజూ పొరుగూరు పోవడమన్నది ఆమె బుర్రకు ఎక్కలేదంతే. వాకిట్లో కూర్చున్న మామయ్య దగ్గరికి పోయి, "పిల్లకు పాణం బాగలేదు. తల్లిగారింటికి పోయి నాల్గు రోజులుండి వస్తదట" అంది.

"పోనియ్, దానికేంది" అన్నాడాయన.

అలా ఉద్యోగం అడిగితే నన్ను పుట్టింటికి పంపారు. సూర్యాపేట బస్సులో ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమెరికా ఆడమనిషికి దసరా అంటగట్టినప్పుడు కడుపులోనే నవ్వుకున్నాను కదా, తగిన శాస్తి జరిగిందనుకున్నాను.

సూర్యాపేటలో మా అన్న ఇంగ్లీషు వారపత్రిక తెప్పించుకునేవాడు. పాత సంచికలు తిరగేస్తుంటే ఆ టేబుల్ ఫోటో, దాని కింద టేబుల్ ఆయన గురించి ఒక పేజీ కనబడింది. కంపెనీలు చెప్పినట్టు తీయడట. ముగింపు మార్చమంటే సామాను సర్దుకుని వచ్చేస్తాడట. సొంత ఇంట్లోనే, తెలిసిన మనుషులనే పెట్టి తీస్తాడట. ఆ టేబుల్ నిజంగా వాళ్ల వంటింటి టేబులేనట. భక్తి కంటే ముందు నాకు ఈర్ష్య కలిగింది. అంత దూరంలో ఎవరో తన మాట తను చెప్పుకోవడానికి లోకంతో కొట్లాడుతున్నాడు. నేను నా మాటను ఒక్క వరస కుర్చీలు దాటించలేకపోయాను.

తిరిగొచ్చాను. మిగిలిన రోజులు కూడా ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఆదివారం వచ్చేసింది. మంగళవారంతో గడువు ఖతం.

మూడో సినిమా ఆ రోజే. మామయ్య వస్తాడు కాబట్టి వేశారు గానీ, కింద ముప్పయి మంది కూడా లేరు. కథ ఇంతే: ఒక ఇల్లాలు, మొగుడు, అతని అన్నదమ్ములు. అందరూ టేబుల్ చుట్టూ చేరి తిని, తాగి, నవ్వుతూ ఉంటారు. ఆమె వడ్డిస్తూ ఉంటుంది. చివరికి గరిటె పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, మాట్లాడడం మొదలుపెడుతుంది. కెమెరా ఆమె ముఖం మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. మొగుడి వైపు తిరగలేదు, కిటికీలోంచి బయటికి చూడలేదు. ఆమె చెప్తూనే ఉంది. ఒకచోట నవ్వింది, ఒకచోట మాట తడబడింది, ముక్కు తుడుచుకుంది.

"రీలు లేపేయ్!" అని కిందనుంచి కేకలు. బోరు కొట్టిన రీలు తీసేసి తర్వాతది ఎక్కించడం మా ఊళ్లో మామూలే. హాలు యజమాని పరుగున బాల్కనీకి వచ్చి మామయ్య చెవిలో, "శెట్టీ, లేపేయమంటవా?" అన్నాడు.

మామయ్య తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఆమె మాట్లాడుడు అయిపోనియ్యి" అన్నాడు.

తర్వాత వెనక్కి తిరిగాడు. అత్తమ్మ వైపు కాదు, నా వైపు. "ఏమంటున్నది బిడ్డా?" అన్నాడు.

నాలుగేళ్లలో నాతో ఆయన మొదటి మాట. అత్తమ్మ నోరు తెరవబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వాగు, పిల్లను చెప్పనియ్" అన్నాడు.

ఆ అమెరికా ఇల్లాలు నిజంగా ఏమన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. గుండె దడదడలో ఒక్క మాట చెవిన పడలేదు. ఆ దర్శకుడికి ఎంత రుణపడ్డానో నాకే తెలుసు. ఇంకెవరైనా అయితే ఈపాటికి ఆమెను వదిలేసి మొగుడి ముఖం చూపించేవాళ్లు. ఈయన ఆమెను వదల్లేదు కాబట్టి నాకు నోరు పెగలడానికి వ్యవధి దొరికింది.

"ఆమెకు టీచర్ నౌకరొచ్చిందట మామయ్యా" అన్నాను. "మంగళవారం లోపల చేరాల్నట. ఇంట్ల ఎవరికీ సరిగ్గ చెప్పుకోలేకపోయిందట."

ఆయన మళ్లీ తెర వైపు తిరిగాడు. అక్కడ ఆమె ఇంకా చెప్తూనే ఉంది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏ ఊర్లనట?" అన్నాడు, తల తిప్పకుండా.

"కోదాడలనట" అన్నాను.

కింద కేకలు ఆగిపోయాయి. తెర మీద ఆమె మాటలు అయిపోయాయి. ఖాళీ పళ్లేలున్న ఆ టేబుల్‌నే చూస్తూ ఆయన అడిగాడు:

"హుజూర్‌నగర్ మీదికెళ్లి పోయే బస్సు పొద్దున ఆరింటికే ఎల్లిపోతది. లేస్తదటనా ఆమె?"

"లేస్తదట మామయ్యా" అన్నాను.