మిషన్‌ను చరిచే డాక్టరమ్మ

నాకు పదేండ్లప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం. ఇద్దరు డాక్టర్లు గుండె బాగుందని రాసిచ్చిండ్రు. ఇవి బడి ఎగ్గొట్టే యేషాలని బాపు నా తోలు తీసిండు.

అయినా ఆయాసం తగ్గకపోతే ఆఖరికి నల్లగొండ తీస్కపోయిండ్రు. అక్కడ స్కానింగ్ డాక్టరమ్మ ఉప్పునీళ్లను సిరంజీల నురగొచ్చేదాక గిలకొట్టి నా చేతికెక్కించింది. గుండెల చిల్లుంటే ఆ బుడగలు ఇటునుంచి అటు దాటుతయట. కానీ రక్తం ఉరుకుడుకు తెరమీద అంతా అలికేసినట్టయింది. మూడుసార్లు అంతే.

"బాగనే ఉందని రాసెయ్యుండ్రి మేడం," అన్నడు మిషన్ నడుపుడు చూపియ్యనీకొచ్చిన, దాన్నమ్మిన కంపెనీ ఆయన.

ఆమె మిషన్‌ను అరచేత్తో ఫట్టున చరిచింది. "రక్తం ఉరుకుతాంది, నీ మిషన్ కుంటుతాంది. నాకు కనబడకపోతే పిల్లకు రోగం లేనట్టా?"

'నాకు కనబడలేదు' అనే రాసి హైదరాబాద్ పంపింది. అక్కడ చిల్లు దొరికింది.

ఇప్పటికీ ఎవరన్నా "రిపోర్టుల ఏం లేదు, ఇంటికి పో" అంటే నా అరచెయ్యి లేస్తది.